సెన్సరీ ఇబ్బందులు: మూడు నాలుగేళ్ల బిడ్డకు ఓటీ అవసరమా కాదా, ఎలా తేల్చుకోవాలి?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ బిడ్డను నర్సరీలో చేర్చిన రెండు మూడు నెలలకు ఈమధ్య చాలామంది తల్లిదండ్రులు ఒక మాట వింటున్నారు. "అమ్మా, బాబుకి సెన్సరీ ఇష్యూస్ ఉన్నట్టున్నాయి. ఒకసారి ఓటీకి చూపించండి." సెన్సరీ ఇష్యూస్ అంటే శబ్దం, స్పర్శ, రుచి లాంటివి అతిగా తగలడమో, ఎంత తగిలినా చాలకపోవడమో. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ. టీచరు మంచి ఉద్దేశంతోనే చెబుతుంది. ఇంట్లో నాయనమ్మ మాత్రం ఒప్పుకోదు. "వాళ్ల నాయన అయిదేళ్లొచ్చేదాకా ఒంటి మీద చొక్కా ఉంచుకునేవాడే కాదు. పిలకాయలంతా ఒకేలా ఉంటారా? వాణ్ణి ఆసుపత్రుల చుట్టూ తిప్పబాకండి" అంటుంది. రాత్రి ఫోన్ తీస్తే చెవులు మూసుకుంటే ఆటిజం, మునివేళ్ల మీద నడిస్తే ఆటిజం, అన్నం తినకపోతే ఆటిజం అని చెప్పే వీడియోలు వరసపెట్టి వస్తాయి. ఆ టెన్షన్‌తో తల్లికి నిద్ర పట్టదు.

టీచరూ నాయనమ్మా ఇద్దరూ బిడ్డ ఎలాంటివాడన్నదే మాట్లాడుతున్నారు. దాన్నిబట్టి నిర్ణయం తేలదు. తేల్చే ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ ఇబ్బంది వల్ల బిడ్డ రోజులో ఏ పని ఆగిపోతోంది? తిండా, నిద్రా, స్నానమా, బట్టలు తొడుక్కోవడమా, తోటిపిల్లలతో ఆడుకోవడమా, బడిలో కూర్చోవడమా? ఆక్యుపేషనల్ థెరపీ చూసేదే ఈ పనుల్ని. ఏ పనీ ఆగకపోతే థెరపిస్టు దగ్గర చేయించుకోవాల్సింది పెద్దగా ఉండదు. ఆగిపోయిందంటే, దానికి పేరేంటో ఇంకా తేలకపోయినా సరే, సాయం అడగాల్సిందే.

మనం బడిలో అయిదు ఇంద్రియాలని చదువుకున్నాం. థెరపిస్టులు ఇంకో మూడింటిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఒకటి బ్యాలెన్స్. తల ఎటు వంగింది, ఒళ్లు ఎటు తిరుగుతోందన్నది చెవి లోపలి భాగం కనిపెడుతుంది. ఊయల ఎక్కితే ఒక బిడ్డకు హాయిగానూ ఇంకో బిడ్డకు భయంగానూ ఉండేది అందుకే. రెండోది కండరాలూ కీళ్లూ అందించే సమాచారం. చెయ్యి ఎక్కడుందో, గ్లాసును ఎంత గట్టిగా పట్టుకున్నామో దాని వల్లే తెలుస్తుంది. ఇది మందంగా ఉన్న పిల్లలు అందర్నీ గుద్దుకుంటూ తిరుగుతారు, పెన్సిల్ ములుకులు విరగ్గొడతారు. టీచరుకు అది అల్లరిలా కనిపిస్తుంది. మూడోది ఒంటి లోపలి సంగతులు, అంటే ఆకలి, దాహం, ఒంటికి వస్తోందన్న కబురు.

ఈ సమాచారాన్నంతా మెదడు సర్దుకునే తీరులో తేడాలుంటాయని, ఆ తేడాలు పిల్లల నడవడికలోనూ చదువులోనూ కనిపిస్తాయని 1960, 70ల్లో సిద్ధాంతంగా చెప్పింది అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్. తర్వాత 1997లో మరో అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు విన్నీ డన్ దాన్ని ఒక నమూనాగా మార్చారు. కొందరు పిల్లలకు కొంచెం తగిలినా ఎక్కువే, కొందరికి ఎంత తగిలినా చాలదు. ఆ రెండు రకాల్లోనూ కొందరు ఊరుకుంటారు, కొందరు ఏదో ఒకటి చేస్తారు, అంటే తప్పించుకుంటారు లేదా వెతుక్కుంటారు. తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, ఒకే బిడ్డ ఒక్కో విషయంలో ఒక్కోలా ఉండొచ్చు. కుక్కర్ విజిల్‌కు వణికే పిల్లవాడే సోఫా మీంచి రోజంతా దూకుతూ ఉండొచ్చు. అందులో వింతేమీ లేదు.

ఇక్కడ తెలిసి తీరాల్సిన సంగతి ఒకటుంది. 'సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్' అని చాలా రిపోర్టుల్లో రాస్తారు గానీ, మానసిక వైద్యులు ప్రామాణికంగా వాడే అమెరికన్ వర్గీకరణ, 2013 నాటి డీఎస్ఎం-5లో అది విడి జబ్బుగా లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే ఆ పేరును రోగ నిర్ధారణగా వాడొద్దని డాక్టర్లకు సూచించింది. సెన్సరీ ఇబ్బంది కనిపిస్తే దాని వెనక ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ లేకపోవడం), ఆందోళన, ఎదుగుదలలో ఆలస్యం లాంటివి ఉన్నాయేమో చూడమంది. ఓటీ వద్దనలేదు. మొత్తం చికిత్సలో ఒక భాగంగా పెట్టుకోవచ్చని, దాని మీద పరిశోధనలు తక్కువేనన్న సంగతి తల్లిదండ్రులకు చెప్పమని, ఫలితం వస్తోందో లేదో గడువు పెట్టుకుని చూడమని చెప్పింది. బిడ్డ పడే బాధ నిజమే. అది ఎక్కణ్నుంచి వస్తోందన్నది ఆ పేరు చెప్పదు, అంతే.

ఇద్దరు నాలుగేళ్ల పిల్లల్ని అనుకుందాం. ఇద్దరికీ పెద్ద శబ్దాలు పడవు, ఇద్దరూ తల మీద చెయ్యి పడనివ్వరు. కావలిలో ఉండే పాప పెళ్లిలో డీజే మొదలవగానే నాన్న భుజమెక్కి చెవులు మూసుకుంటుంది. పక్కవీధిలోకి తీసుకెళితే పది నిమిషాల్లో సర్దుకుని ఐస్‌క్రీం అడుగుతుంది. పెంచలకోనలో పుట్టెంట్రుకలు తీయించినప్పుడు గుక్కపెట్టి ఏడ్చింది. తలంటు రోజున ఏడుపుతోనే మొదలవుతుంది, నాలుగు చెంబులు పడేసరికి నీళ్లలో ఆటకు దిగుతుంది. తింటుంది, నిద్రపోతుంది, బడికి వెళుతుంది. ఒంగోలులో ఉండే బాబు సంగతి వేరు. మిక్సీ మోగకపోయినా, మోగుతుందేమోనన్న భయంతోనే వంటింటి వైపు రాడు. వాడు నిద్రపోయాకే వాళ్లమ్మ పచ్చడి చేసుకుంటుంది. యూనిఫాం వేయడానికి ముక్కాలు గంట పడుతుంది, వారంలో రెండ్రోజులు బడి ఎగిరిపోతుంది. తినేవి పెరుగన్నం, బిస్కెట్లు, ఒకే రకం చిప్స్. ఆ ఇంట్లో వాళ్లు పెళ్లిళ్లకు వెళ్లడం మానుకుని ఏడాది దాటింది.

పాపకు ఓటీ అక్కర్లేదు. బాబును చూపించాలి. తేడా శబ్దం ఎంత పడదన్న దాంట్లో లేదు. భయం ముందే మొదలవుతోందా, ఏడుపు మొదలయ్యాక ఎంతసేపటికి తేరుకుంటున్నాడు, ఇంట్లో వాళ్లు ఎంత సర్దుకుంటున్నారు, ఈ మూడింట్లో ఉంది. నా దృష్టిలో మూడోదే అన్నిటికన్నా గట్టి గుర్తు, ఎవరికీ కనిపించనిది కూడా అదే. ఎందుకంటే సర్దుబాటు ఒక్కరోజులో జరగదు. మొదట మిక్సీ వేసే వేళ మారుతుంది, తర్వాత తలంటు పదిహేను రోజులకోసారి అవుతుంది, ఆ తర్వాత అందరికీ ఒక వంట, బిడ్డకు ఒక వంట. అలవాటై పోయాక "మా వాడికి ఏ ఇబ్బందీ లేదు" అనే అనిపిస్తుంది. వాడి కోసం మానేసిన పనులేంటి, మార్చుకున్న వేళలేంటి అని భార్యాభర్తలు కూర్చుని ఒక కాగితం మీద రాసుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. అప్పుడప్పుడూ వచ్చిపోయే అమ్మమ్మ ఇంకా బాగా చెబుతుంది, ఆమెకు పాత ఇల్లు గుర్తుంటుంది కాబట్టి.

ఓటీ దాకా వెళ్లే ముందు పిల్లల డాక్టరు దగ్గర కొన్ని తేలాలి. వీటిలో చెవుల సంగతి మొదటిది. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, కాబట్టి ఎవరికీ తెలియదు. ఈ వారం వినపడుతుంది, వచ్చే వారం సరిగా వినపడదు. పిలిస్తే పలకడు, టీవీ సౌండ్ పెంచుతాడు, క్లాసులో ఎటో చూస్తూ కూర్చుంటాడు, మాటలు ముద్దగా వస్తాయి. బయటివాళ్లకు అది సెన్సరీ సమస్యలా, ఒక్కోసారి ఆటిజంలా కూడా కనిపిస్తుంది. ఈఎన్‌టీ డాక్టరు చెవి లోపల చూసి, టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికను చూసే పరీక్ష), వినికిడి పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. "పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు గానీ చాక్లెట్ కవరు చప్పుడుకు మాత్రం వస్తాడు, కాబట్టి చెవులు బాగానే ఉన్నాయి" అని ఇంట్లోనే తేల్చేయడం సరికాదు. కొన్ని రకాల శబ్దాలు మాత్రమే తగ్గి వినపడే పిల్లలుంటారు.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తగ్గిన పిల్లలు చికాగ్గా ఉంటారు, నిద్రలో కాళ్లు ఆడిస్తూ దొర్లుతారు, కొందరు మట్టి, సున్నం, బలపాలు తింటారు. బలపాలు నమలడాన్ని నోటికి సెన్సరీ అవసరమని అనుకుని నమిలే బొమ్మలు కొనిచ్చే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించాలి. మలబద్ధకం, పుచ్చు పళ్లు, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ పెరిగి రాత్రి గురక, మెల్లకన్ను, చూపు తగ్గడం, ఇవన్నీ ఇదే వరసలోకి వస్తాయి. రోజుకు మూడు నాలుగు గంటలు ఫోన్ చూసే బిడ్డ విషయంలో ముందు దాన్ని తగ్గించి నెల రోజులు చూడటం మంచిది. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు గంటకు మించొద్దని భారత పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది.

కొన్ని గుర్తులుంటే మాత్రం నెల రోజులు చూద్దామనడం కూడా తప్పే. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకుండా మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం, వచ్చిన మాటలు పోవడం, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోవడం, తోటిపిల్లలున్నారన్న ధ్యాసే లేకపోవడం. వీటితో పాటు సెన్సరీ ఇబ్బందులు కూడా ఉంటే బిడ్డ ఎదుగుదలను పూర్తిగా పరీక్షించాలి. సెన్సరీ ఇబ్బంది ఉన్న ప్రతి బిడ్డకూ ఆటిజం ఉండదు. ఆటిజం ఉన్న పిల్లల్లో మాత్రం చాలామందికి సెన్సరీ ఇబ్బందులుంటాయి, డీఎస్ఎం-5 వాటిని ఆటిజం లక్షణాల్లోనే చేర్చింది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇక్కడ జరిగే ఆలస్యం. "సెన్సరీ మాత్రమే, ఓటీ చేస్తే పోతుంది" అన్న మాట నమ్మి ఏడాది పాటు ఊయలలు ఊగించి, మాట సంగతి ఎవరూ పట్టించుకోకపోతే పోయిన ఆ ఏడాది మళ్లీ రాదు. ఆటిజం అని తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్ రాయండి. "అల్లరి చేశాడు, మాట వినలేదు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఇలా ఉండాలి: "మంగళవారం, పొద్దున 7:40. సాక్సులు. ఎడమ కాలికి వేయగానే పీకేశాడు, వేళ్ల దగ్గర చూపించి ఏడ్చాడు. 25 నిమిషాలు. రాత్రి పదకొండింటికి పడుకున్నాడు. సాక్సు తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా వేస్తే ఊరుకున్నాడు." ఈ నాలుగు ముక్కల్లో సమస్య ఉంది, దాని జాగా ఉంది, నిద్ర తక్కువైందన్న సంగతి ఉంది, సగం పరిష్కారం కూడా ఉంది. ఆ పక్కనే ఆదివారం పేజీ చూడండి. అవే సాక్సులు అదే కుట్టుతో వేసుకుని మైపాడు బీచికి గంతులేస్తూ బయల్దేరాడంటే ఇబ్బంది సాక్సుల్లో లేదు, బడిలో ఉంది. అప్పుడు మాట్లాడాల్సింది థెరపిస్టుతో కాదు, టీచరుతో. ఎవరైనా కొడుతున్నారా, టాయిలెట్‌కు వెళ్లడానికి భయపడుతున్నాడా అన్నది కనుక్కోవాలి. ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉండే బిడ్డ విషయంలో తొందరపడి ఏ పేరూ పెట్టొద్దు.

చూపించుకోవడానికి నెల్లూరులో మంచి సౌకర్యమే ఉంది, చాలామందికి తెలియదు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద పనిచేసే కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజనల్ సెంటర్, అందరూ సీఆర్‌సీ అంటారు, నెల్లూరులో ఉంది. 2021లో కేంద్రం దేశం మొత్తం మీద మొదలుపెట్టిన 14 ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్నతనంలోనే గుర్తించి సాయం చేసే) కేంద్రాల్లో ఒకటి నెల్లూరు సీఆర్‌సీకి వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల వరకు పిల్లల కోసం పెట్టినవి అవి. ఒంగోలు, సింగరాయకొండ వాళ్లకు రైలు నేరుగా ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్లకు వారానికి రెండుసార్లు బస్సులో రావడం కష్టమే, అది ముందే చెప్పి ఇంట్లో చేయించుకునే పద్ధతి అడగాలి. ఇది కాక 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి, అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల్ని చూసే డీఈఐసీ కేంద్రానికి ఉచితంగా పంపాలి. ఆ బృందం మళ్లీ ఎప్పుడొస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు సెంటరుకు వెళితే థెరపిస్టు చదువు అడగడానికి మొహమాటపడొద్దు. ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ అంటే బీఓటీ, పైచదువు ఎంఓటీ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ది వేరే చదువు, వేరే పని. మొదటిసారి పరీక్ష చేసేటప్పుడు వాళ్లు మీతో ఒక పెద్ద ప్రశ్నావళి నింపించాలి, బిడ్డను ఆడనిచ్చి చూడాలి, మెట్లెక్కడం, బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, గీతలు గీయడం గమనించాలి. మీ నోట్‌బుక్ చదవాలి. పది నిమిషాలు చూసి, రోజూ గంట చొప్పున ఆరు నెలల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టమంటే అక్కణ్నుంచి వచ్చేయండి.

థెరపీ మొదలుపెట్టే ముందు లక్ష్యం రాయించుకోవాలి. "సెన్సరీ ఇంప్రూవ్ కావాలి" అంటే అయిందో లేదో ఎవరూ చెప్పలేరు. "వారంలో అయిదు రోజులు పదిహేను నిమిషాల్లోపు యూనిఫాం వేసుకోవాలి", "మూడు నెలల్లో రెండు కొత్త వంటకాలు తినాలి" అంటే తల్లి కూడా కొలుచుకోగలదు.

మరి థెరపీ పనిచేస్తుందా? నిజాయితీగా చెప్పాలంటే కొంతవరకే, కొందరికే. బ్రిటన్‌లో 138 మంది ఆటిజం పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. చికాకు, ఆందోళనతో కూడిన ప్రవర్తన విషయంలో సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ (ఎయిర్స్ సిద్ధాంతం మీద నడిచే ఓటీ) మామూలుగా అందే సేవల కన్నా మెరుగని తేలలేదు. కానీ కుటుంబాలు తమకు తాముగా పెట్టుకున్న లక్ష్యాల్లో మెరుగుదల కనిపించిందని తల్లిదండ్రులు చెప్పారు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. బిడ్డ మెదడును సరిచేస్తామన్న హామీకి ఆధారం తక్కువ. ఒక పనిని పట్టుకుని, దాన్ని బిడ్డకు సులువు చేసి, తల్లిదండ్రులకు నేర్పించే థెరపీకి విలువ ఉంది. తల్లిని బయట కుర్చీలో కూర్చోబెట్టి తలుపేసుకునే సెంటర్ల మీద నాకు నమ్మకం లేదు.

బరువు దుప్పట్ల కోసం వేలు పోయొద్దు. ఆటిజం పిల్లల మీద చేసిన ఒక పరీక్షలో, 2014లో ఫలితాలు వచ్చాయి, వాటి వల్ల నిద్ర పెరగలేదని తేలింది. చిన్నపిల్లలు వాటి కింద ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది, పైగా మన ఎండలకు అవి పనికిరావు. ఎండల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సింథటిక్ యూనిఫాం, టై, బూట్లు ఏప్రిల్ నెలలో నెల్లూరు ఉక్కపోతలో ఏ బిడ్డకైనా బాధే. నూలు చొక్కా వేసుకొస్తాడని, బూట్ల బదులు శాండల్స్ వేసుకొస్తాడని స్కూల్లో అడగండి. థెరపీ లేకుండానే తీరిపోయే ఇబ్బందుల్లో ఇదొకటి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఇంట్లో చేసుకోగలిగినవి ఉన్నాయి. మిక్సీ వేసే ముందు చెప్పి, ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి వేయండి. కొన్నాళ్లకు స్విచ్ వాణ్నే నొక్కనివ్వండి, శబ్దం వాడి చేతిలో ఉంటే భయం తగ్గుతుంది. తాకితే ఉలిక్కిపడే పిల్లలకు చాలాసార్లు మెల్లగా నిమరడం కన్నా కొంచెం గట్టిగా అదిమి నూనె రాస్తే హాయిగా ఉంటుంది. దూకే పిల్లలకు పని చెప్పండి, నీళ్ల బాటిళ్లు మోయడం, పరుపు నెట్టడం, ఇసుకలో తవ్వడం. చొక్కా మెడ దగ్గర ట్యాగు కత్తిరించేయండి. కొత్త కూరను కంచంలో పెట్టి తినమని బలవంతం చేయొద్దు, ముందు తాకనివ్వండి, వాసన చూడనివ్వండి. బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా అది ఇంట్లో చూసుకునే సంగతి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జన్మలో ఎప్పుడో ఒకప్పుడు అలవాటు కావాల్సిందే కదా అని బిడ్డను ఎత్తుకెళ్లి డీజే బాక్సుల ముందు నిలబెట్టే మామయ్యలుంటారు. ఆ పని వల్ల భయం ముదురుతుంది.

థెరపీ మొదలుపెట్టిన మూడు నెలలకు రాసుకున్న లక్ష్యాలు ముందు పెట్టుకుని థెరపిస్టుతో కూర్చోండి. నెరవేరితే ఆపేయొచ్చు, లేదా నెలకోసారికి తగ్గించొచ్చు. కొంచెం మెరుగైతే ఇంకో మూడు నెలలు. ఏమీ మారకపోతే గంటలు పెంచడం దానికి జవాబు కాదు. పిల్లల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, మొదట్లో ఏదైనా చూడటం మరిచామా అని అడగాలి. ఒకవేళ మొదటిసారే థెరపిస్టు "ఇప్పుడు థెరపీ అక్కర్లేదు, ఇంట్లో ఈ నాలుగూ చేయండి, ఆరు నెలలకు రండి" అంటే, ఆ మాట రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఎల్‌కేజీలో చేర్చేటప్పుడు ఆ కాగితం ఒక కాపీ క్లాస్ టీచరుకిచ్చి, బిడ్డను స్పీకరుకు దూరంగా కూర్చోబెట్టమని చెప్పండి.